పాత వీడియో గేమ్ డబ్బా కొని మళ్లీ ఆడించుకోవడం: విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు సమగ్ర మార్గదర్శి

నా దగ్గరున్న డబ్బాను, అదే పార్లర్లలో రూపాయి బిళ్ల వేసి ఆడిన వీడియో గేమ్ పెట్టెను, ముగ్గురు మనుషులు తయారు చేశారు. పెట్టె వడ్రంగి కొట్టాడు. లోపల తెర టీవీ మెకానిక్ బిగించాడు. పక్కల బొమ్మలు షాపులకు బోర్డులు రాసే ఆర్టిస్టు వేశాడు. ఆట మాత్రం జపాన్‌ది, మిగతాదంతా మన చేతిపని. దాన్ని మళ్లీ నిలబెట్టేటప్పుడు కూడా నాకు ఆ మూడు పనులు తెలిసినవాళ్లే కావలసి వచ్చారు. ఇవాళ వడ్రంగి దొరుకుతాడు, ఆర్టిస్టు కాస్త వెతికితే దొరుకుతాడు, పిక్చర్ ట్యూబు తెలిసిన మెకానిక్ మాత్రం తగ్గిపోతున్నాడు. అందుకే ఈ పనిలో మొదటి మెట్టు డబ్బా కొనడం కాదు.

ముందు మెకానిక్, తర్వాత డబ్బా

విజయనగరంలో గంటస్తంభం చుట్టుపక్కల సందుల్లోనో, శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ వైపో, లేదా మీ ఊరి పాత బజారులోనో అడగండి. బల్ల మీద సెల్‌ఫోన్లు తప్ప ఏమీ లేని షాపు మనకు పనికిరాదు. మూల ఒక బల్బు హోల్డరు, దానికి రెండు వైర్లు, పక్కన పాత టీవీల బోర్డులు కనిపిస్తే అక్కడ ఆగండి. ఆ బల్బునే సీరీస్ బల్బు అంటారు. దాని పని తర్వాత చెబుతాను. మెకానిక్‌ను రెండు విషయాలు అడగండి: "మాస్టారూ, ఈహెచ్‌టీ మార్చారా ఎప్పుడైనా? వెర్టికల్ ఐసీ పోతే మీ దగ్గర దొరుకుతుందా?" ఈహెచ్‌టీ అంటే ట్యూబుకు వేల వోల్టులు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్, వెర్టికల్ ఐసీ అంటే బొమ్మను తెర మీద నిలువుగా పరిచే చిప్. ఆయన కళ్లలో వెలుగు వస్తే మీ మనిషి దొరికినట్టే.

"ట్యూబు తీసేసి ఎల్‌సీడీ పెట్టేద్దాం, సులువు" అనే మాట మొదటి రోజే వినిపిస్తుంది. ఒప్పుకోకండి. ఆ ఆటల బొమ్మలు ట్యూబు మీద గీతలు గీతలుగా కనిపించేలా గీసినవి. పైగా డబ్బా లోపల ఆటను నడిపే బోర్డుల నుంచి వచ్చే సిగ్నల్ సుమారు 15.7 కిలోహెర్ట్జ్. మామూలు కంప్యూటర్ మానిటర్ 31 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది కాబట్టి మధ్యలో కన్వర్టర్ లేకుండా బొమ్మే రాదు. ట్యూబు నిజంగా చచ్చిపోయి, బదులు ఎక్కడా దొరకనప్పుడు మాత్రమే ఆ దారి.

ఎక్కడ వెతకాలి

90లలో నడిచిన పార్లర్లు మూతపడ్డాక ఆ షాపులు ఎస్టీడీ బూత్‌లయ్యాయి, తర్వాత నెట్ సెంటర్లు, ఇప్పుడు సెల్ షాపులు. యజమానులు మాత్రం ఆ ఊళ్లోనే ఉంటారు. చాలామంది డబ్బాను పారేయలేదు, అమ్మలేదు, అలా వదిలేశారు. నేను మా పాత పార్లర్ బాబాయిని కలిసి "మీ షాపులో ముస్తఫా డబ్బా ఉండేది కదా బాబాయ్, ఏమైంది?" అని అడిగితే, "ఎనకాల గదిలో ఉందిరా బాబూ, దాని మీద ధాన్యం బస్తాలున్నాయి" అన్నాడు. నాకు దొరికింది అలాగే. ముస్తఫా అనేది అందులో నడిచే ఆటకు మేం పిలుచుకున్న పేరు.

రెండో చోటు జాతరలకు ఎగ్జిబిషన్ తిప్పేవాళ్ల గోడౌన్లు. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం దసరా తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. ఆ రోజుల్లో ఊరికి స్టాళ్లు తెచ్చినవాళ్లతో మాట కలపండి. సీజన్‌లో హడావిడిగా ఉంటారు కాబట్టి అప్పుడు బేరం వద్దు, ఫోన్ నంబరు తీసుకుని సంక్రాంతి దాటాక వెళ్లండి. సినిమా హాళ్ల క్యాంటీన్లు, పాత ఇనుము దుకాణాలు కూడా చూడండి. ఇనుము దుకాణంలో దొరికితే ట్యూబు మీద ఆశ పెట్టుకోకండి. రాగి కోసం దాని మెడ దగ్గరి కాయిల్ ముందే పీకేసి ఉంటారు.

కొనే రోజు ఏం చూడాలి

టార్చి, మల్టీమీటర్, ఒక సన్నని మేకు తీసుకెళ్లండి. మొదట చూడాల్సింది డబ్బా అడుగు. మన తీరంలో చెక్కకు ఇద్దరు శత్రువులు, నీళ్లూ చెదలూ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ చాలా ఇళ్ల కింది గదులను తడిపి వెళ్లాయి. అడుగు నుంచి జానెడు ఎత్తులో నీటి మరక ఉందేమో చూడండి. మేకుతో గుచ్చి చూడండి. ప్లైవుడ్ గట్టిగా ఉంటే మేకు ఆగుతుంది, చెదలు తిన్నదైతే పిండిలోకి దిగినట్టు దిగిపోతుంది. అడుగు ఒక్కటే పోతే భయం లేదు, కోసి కొత్తది అతికించవచ్చు. పక్క చెక్కలు పైదాకా బోలుగా మోగితే మాత్రం ధర బాగా దిగాలి.

తర్వాత వెనక తలుపు తీయించి, చేయి లోపల పెట్టకుండా టార్చితో ట్యూబు మెడ చూడండి. మెడ గాజు లోపల అద్దంలాంటి వెండి మరక ఉంటుంది. అది మెరుస్తుంటే ట్యూబులో శూన్యం నిలిచి ఉందని అర్థం. పాలలా తెల్లబడిపోయి ఉంటే లోపలికి గాలి పోయింది, ఆ ట్యూబును ఎవరూ బతికించలేరు. తెర ముందు వైపు టార్చి వంకరగా వేసి చూడండి. ఏళ్ల తరబడి ఒకే ఆట నడిస్తే స్కోరు అంకెల నీడ ఫాస్ఫరు మీద, అంటే తెర లోపలి వెలిగే పూత మీద, మిగిలిపోతుంది. కొద్దిగా ఉంటే నేను పట్టించుకోను, అది ఆ డబ్బా బతికిన బతుకు.

ఆట బోర్డు ఉందా లేదా అన్నది మూడోది. చివర వరుసగా రాగి పళ్లు ఉండి, అవి ఒక్కో వైపు 28 చొప్పున మొత్తం 56 ఉంటే అది చాలావరకు జామా కనెక్టర్ అయి ఉంటుంది. జపాన్ తయారీదారుల సంఘం 1985లో పెట్టిన ప్రమాణం అది. దానివల్లే ఒక ఆట బోర్డు పీకి ఇంకోటి గుచ్చగలిగేవారు. జామా ఉన్న డబ్బా కొంటే రేపు బోర్డు పోయినా డబ్బా వృథా కాదు.

అమ్మేవాళ్లు ప్రేమగానే అంటారు, "ఉండు బాబూ, ప్లగ్గు పెట్టి చూపిస్తాను" అని. దయచేసి వద్దని చెప్పండి. పదిహేనేళ్లు నిద్రపోయిన కెపాసిటర్లకు ఒక్కసారిగా కరెంటు తగిలితే, అరగంటలో బాగయ్యే బోర్డు అక్కడికక్కడే కాలిపోవచ్చు. నేను మొదట చూసిన డబ్బా అలాగే పోయింది. చూపిద్దామన్న ఆత్రంతో ఆయన స్విచ్ వేశాడు, ఐదు నిమిషాల్లో పొగ. ఆయన ముఖం చూసి నాకు మాట రాలేదు.

ధర విషయంలో నా పద్ధతి ఒకటే. చెక్క, ట్యూబు, బోర్డు మూడింటినీ విడివిడిగా లెక్క వేస్తాను. ఏది చచ్చిందో దాని వాటా తీసేసి మాట్లాడతాను. నడుస్తుందో లేదో తెలియని డబ్బాను నడవనిదిగానే లెక్క కట్టండి. బేరం మరీ గీసి గీసి ఆడకండి, ఇన్నాళ్లు దాచినందుకైనా ఆయనకు నాలుగు డబ్బులు రావాలి.

తెచ్చుకోవడం

డబ్బాను నిలబెట్టే తేవాలి. ముందే బోర్డు తీసి గుడ్డలో చుట్టి మీ ఒళ్లో పెట్టుకోండి. టాటా ఏస్ చాలు, ఎత్తడానికి నలుగురు కావాలి, కింద బొంత, పక్కల తాళ్లు. గతుకుల రోడ్డు మీద ట్యూబు మెడే మొదట దెబ్బతింటుంది కాబట్టి డ్రైవర్‌ను నెమ్మదిగా పొమ్మని బతిమాలండి.

స్విచ్ వేయక ముందు

ఈ భాగం తొందర లేకుండా చదవండి. ప్రాణం సంగతి ఇది.

కలర్ పిక్చర్ ట్యూబు మీద రబ్బరు టోపీ కింద 20 వేల వోల్టులకు పైగా ఉంటుంది. ప్లగ్గు పీకేసి రోజులైనా అందులో కొంత మిగిలి ఉండవచ్చు. ఇది దించడం తెలియకపోతే మెకానిక్ చేతే చేయించండి, పక్కన నిలబడి నేర్చుకోండి. పద్ధతి ఇది: ప్లగ్గు పూర్తిగా పీకాలి. ట్యూబు వెనక గాజును చుట్టి ఉండే అల్లిక వైరుకు ఒక క్లిప్ వైరు తగిలించి, దాని రెండో కొసను మంచి పిడి ఉన్న సన్నని స్క్రూడ్రైవర్ కడ్డీకి తగిలించాలి. ఎడమ చెయ్యి వెనక జేబులో ఉండాలి. కుడి చేత్తో స్క్రూడ్రైవర్‌ను రబ్బరు టోపీ కిందకు, లోపలి లోహం తగిలేదాకా దూర్చాలి. టప్‌మని చిన్న శబ్దం రావచ్చు, రాకపోవచ్చు. పది నిమిషాలు ఆగి మళ్లీ చేయాలి, ఎందుకంటే గాజులో దాగిన చార్జి మళ్లీ పైకి తేలుతుంది.

రెండో ప్రమాదం టీవీ చాసిస్ మీద, అంటే ట్యూబును నడిపే బోర్డు మీద, లావుగా ఉండే కెపాసిటర్. మన 230 వోల్టుల కరెంటు అక్కడ సుమారు 325 వోల్టుల డీసీ అవుతుంది. దాన్ని స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకుండా, 60 వాట్ల బల్బు హోల్డరు వైర్లు తగిలించి దించాలి.

మూడోది మన డబ్బాలకు ప్రత్యేకమైనది. చిన్నప్పుడు వానాకాలంలో కాయిన్ డోర్ ముట్టుకుంటే జిల్లుమనేది గుర్తుందా? కారణం ఇది. కొన్ని టీవీ చాసిస్‌ల గ్రౌండు నేరుగా మెయిన్స్‌కు కలిసి ఉంటుంది. దానికి ఆట బోర్డు గ్రౌండు, దానికి బటన్ల వైర్లు, దానికి ఇనుప తలుపు తగిలితే ఆ కరెంటు ఆడేవాడి చేతికి వస్తుంది. మీ చాసిస్ అలాంటిదైతే, దాన్ని మెయిన్స్ నుంచి విడదీసే ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టకుండా ఒక్క నిమిషం కూడా నడపకండి. రెండు పిన్నుల ప్లగ్గు తీసేసి మూడు పిన్నులది వేయండి. కాయిన్ డోర్‌కు, లోపలి ఇనుప పలకకు ఎర్త్ వైరు బిగించండి. ఇంట్లో ఎర్తింగు నిజంగా పని చేస్తుందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. ఈ ఖర్చులో మాత్రం పొదుపు వద్దు.

ఇంకేదీ కదపక ముందు ప్రతి వైరునూ ఫోన్‌తో ఫోటో తీయండి. తర్వాత పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులపండి. తడి గుడ్డ వద్దు. ఎలుకలు కొరికిన వైర్లు మార్చండి.

పవర్ సప్లై నుంచి మొదలు

ఆట బోర్డుకు ముఖ్యంగా కావలసినవి 5 వోల్టులు, 12 వోల్టులు. కొన్ని పాత బోర్డులకు సౌండ్ కోసం మైనస్ 5 కూడా కావాలి. బోర్డు, ట్యూబు రెండూ విడదీసి ఎస్ఎంపీఎస్‌ను, అంటే ఈ వోల్టులు ఇచ్చే పవర్ సప్లైని, ఒంటరిగా సీరీస్ బల్బు మీద పెట్టండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే బాగున్నట్టు. దేదీప్యంగా అలాగే వెలుగుతూ ఉంటే లోపల షార్ట్ ఉంది, ఆపేయండి. బల్బు ఆ కరెంటును తన మీద వేసుకుంది కాబట్టి ఏమీ కాలదు.

ఏ లోడూ లేకపోతే కొన్ని ఎస్ఎంపీఎస్‌లు సరిగా నిలవవు. 5 వోల్టుల వైరుకు ఒక బైకు ఇండికేటర్ బల్బు తగిలించి కొలవండి. బోర్డు గుచ్చిన తర్వాత మళ్లీ కొలవాలి, అదీ ఎస్ఎంపీఎస్ దగ్గర కాదు, బోర్డు పళ్ల దగ్గర. సన్నబడిన పాత వైర్లలో అర వోల్టు దాకా పోవచ్చు. అక్కడ 4.9కి, 5.1కి మధ్య ఉండేలా చిన్న నాబు తిప్పండి. 5.25 దాటనివ్వకండి, ఆ కాలపు చిప్‌లకు అది హద్దు.

ట్యూబు, చాసిస్

నా డబ్బాలో ఉన్నది అచ్చమైన ఆర్కేడ్ మానిటర్ కాదు, 20 అంగుళాల టీవీ ట్యూబు, టీవీ చాసిస్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వైర్లు నేరుగా లోపలికి కలిపి ఉన్నాయి. ఇలాంటి చాసిస్ దొరికితే సంతోషించండి, మన మెకానిక్‌కు ఇది సొంత వంట లాంటిది.

ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ ఒకేసారి మార్పించండి. 105 డిగ్రీల రకం అడగండి. మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి, వోల్టు విలువ అంతే గానీ ఎక్కువ గానీ ఉండవచ్చు. ప్లస్, మైనస్ తారుమారు కాకూడదు. ఈ ఊళ్లో దొరకనివి విశాఖలోనో, హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో తెప్పించుకోవచ్చు. ఆ తర్వాత ఈహెచ్‌టీ కాళ్లు, బరువైన భాగాల కాళ్లు అన్నీ మళ్లీ సోల్డర్ చేయించండి. వేడికి, గతుకులకు అక్కడ కంటికి కనపడని పగుళ్లు వస్తాయి. మెకానిక్కులు డ్రై సోల్డర్ అనేది దాన్నే.

తెర చెప్పే మాటలు కొన్ని గుర్తుపెట్టుకోండి. మధ్యలో అడ్డంగా ఒకే వెలుగు గీత వస్తే వెర్టికల్ భాగం పోయింది. వెంటనే బ్రైట్‌నెస్ తగ్గించండి, లేకపోతే ఆ గీత ట్యూబు మీద శాశ్వతంగా పడుతుంది. బొమ్మ పైభాగం మడత పడితే కూడా అక్కడే చూడాలి. బొమ్మ ఏటవాలుగా చిరిగి పరుగెడుతుంటే సింక్ వైరు, అంటే బొమ్మను కదలకుండా నిలిపే సిగ్నల్ వైరు, చూడాలి. ఒక రంగు మాయమైతే ఆ రంగు వైరు, లేకపోతే మెడ మీది చిన్న బోర్డు. మూలల్లో రంగుల మరకలు ఉంటే ట్యూబుకు పట్టిన అయస్కాంతాన్ని పోగొట్టే డీగాస్ కాయిల్, లేదా స్పీకరు అయస్కాంతం దగ్గరగా ఉందేమో చూడండి. బొమ్మ మసకగా ఉంటే ఈహెచ్‌టీ మీద ఫోకస్ నాబు కొద్దిగా తిప్పి చూడాలి. మెడ మీది సాకెట్‌ను మాత్రం పక్కకు లాగకండి. గాజు విరిగిన చిన్న శబ్దంతో అంతా అయిపోతుంది.

బోర్డు

ఉప్పుగాలికి రాగి పళ్లు పచ్చబడతాయి. పెన్సిల్ రబ్బరుతో రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. గరుకు కాగితం వద్దు, పైపూత లేచిపోతుంది. సాకెట్లలో ఉన్న చిప్‌లను ఒక్కొక్కటిగా కొద్దిగా లేపి మళ్లీ నొక్కండి. సగం జబ్బులు దానితోనే పోవడం నేను చూశాను.

కొన్ని చిప్‌ల మీద కాగితం స్టిక్కర్లు ఉంటాయి. శుభ్రం పేరుతో పీకేయకండి. అవి ఆటను దాచుకునే ఈప్రామ్ చిప్‌లు. కింద గాజు కిటికీ ఉంటుంది, దాని మీద ఎండ పడుతూ ఉంటే లోపలి ఆట మెల్లగా చెరిగిపోతుంది. స్టిక్కరు ఊడిపోయి ఉంటే నల్ల టేపు అంటించండి. ఈప్రామ్ ప్రోగ్రామర్ ఉన్న స్నేహితుడు దొరికితే అవి ఇంకా బతికి ఉండగానే కాపీ తీయించి పెట్టుకోండి.

బోర్డు మీద బ్యాటరీ ఉందేమో తప్పకుండా చూడండి. మనవైపు గుంటలందరూ ముస్తఫా అనే పిలిచిన ఆట అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్, క్యాప్‌కామ్ 1993లో తెచ్చింది. దాని అసలైన బోర్డులో బ్యాటరీ అయిపోతే ఆట నడవదు, అంత కట్టుదిట్టంగా కట్టారు. నియో జియో అనే ఇంకో రకం ఆట బోర్డుల బాధ వేరు. వాటి 3.6 వోల్టుల బ్యాటరీ కారి చుట్టుపక్కల రాగిని తినేస్తుంది. అలా కారితే బ్యాటరీ కత్తిరించి తీసేసి, వెనిగర్‌లో ముంచిన దూదితో తుడిచి, తర్వాత ఆల్కహాల్‌తో కడగండి.

గుచ్చేటప్పుడు తలకిందులు కాకూడదు. జామాలో ఏడో పంటి దగ్గర ఒక అడ్డు ఉండాలి. పాత కనెక్టర్లలో అది ఊడిపోయి ఉంటుంది. భాగాలున్న వైపు ఏదన్నది తెలిసేలా మార్కర్‌తో రాసి పెట్టండి. తప్పు వైపు గుచ్చితే మళ్లీ అవకాశం ఉండదు.

స్టిక్కులు, బటన్లు

ఇది తేలిక, పిల్లలతో కలిసి చేయండి. మల్టీమీటర్‌ను బీప్‌లో పెట్టి ఒక్కో మైక్రో స్విచ్ నొక్కి చూడండి. మోగనిది మార్చండి. బటన్లన్నీ ఒకేసారి పలకకపోతే అన్నిటినీ కలిపే గ్రౌండు వైరు ఎక్కడో తెగింది. కొత్త బటన్లు తెప్పించే ముందు రంధ్రం కొలవండి, 28 మిల్లీమీటర్లదీ 30దీ రెండూ ఉన్నాయి. స్ట్రీట్ ఫైటర్ 2 లాంటి ఆటకు ఒక్కొక్కరికి ఆరు బటన్లు కావాలి. జామాలో మూడింటికే చోటు ఉంది కాబట్టి మిగతా మూడింటికి బోర్డు నుంచి వేరే వైర్ల కట్ట వస్తుంది, అది ఉందో లేదో కొనేటప్పుడే అడగండి.

చెక్క, బొమ్మలు

పోయిన అడుగు కోసి, నీటికి తట్టుకునే 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేయించండి. కింద రెండంగుళాల గుబ్బలు పెట్టిస్తే తుడిచిన నీళ్లు చెక్కకు తగలవు. చెదల మందు వేసేటప్పుడు లోపలి సామానంతా బయట ఉండాలి, మందు పూర్తిగా ఆరాలి.

పక్కల బొమ్మల మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. నెట్‌లో దొరికే అమెరికా డబ్బా స్టిక్కర్ ప్రింట్ తీసి అంటించకండి. నా డబ్బా మీద ఆర్టిస్టు వేసిన, ఆటలోని మనిషి ముస్తఫాకు పచ్చ టోపీతో పాటు మీసం కూడా ఉంది. ఆటలో అతనికి మీసం లేదు. ఆ మీసం మా ఊరిది. మెత్తని గుడ్డ, కొద్దిగా సబ్బు నీళ్లతో మురికి తీసి, పెచ్చులు లేచిన చోట మాత్రమే రంగు దిద్దించాను. దిద్దడానికి లారీల మీద రాసే ఆర్టిస్టును వెతకండి. సాలూరు లారీలకు పేరున్న ఊరు, అటువైపు అడిగితే ఎనామెల్ రంగుల మీద చేయి తిరిగినవాళ్ల ఆచూకీ తెలుస్తుంది. పని మొదలుపెట్టక ముందు ట్రేసింగ్ పేపరు మీద పాత గీతలన్నీ ఎత్తుకోండి.

పైన పేరు పలక వెనక ట్యూబులైటు తీసేసి ఎల్ఈడీ పెట్టుకోవచ్చు. వేడి తగ్గి, పలక మీది రంగు ఎక్కువ కాలం ఉంటుంది.

రోజూ వాడకం, రూపాయి బిళ్ల

డబ్బాను కిటికీకి, గోడ తేమకు దూరంగా పెట్టండి. స్టెబిలైజర్ వాడండి. వానాకాలంలో వారానికోసారి గంటసేపు నడిపితే లోపల తేమ చేరదు. ఉరుములప్పుడు ప్లగ్గు పీకేయండి.

చివరిగా మిగిలేది కాయిన్ పెట్టె. మేం వేసిన రూపాయి 1992 తర్వాత వచ్చిన స్టీలు బిళ్ల, వెడల్పు 25 మిల్లీమీటర్లు. 2011 నుంచి వచ్చే బిళ్ల 22 మిల్లీమీటర్లే. అందుకే కొత్త రూపాయి వేస్తే జారి కిందకు వచ్చేస్తుంది, పెట్టె చెడిపోయిందని అనుకుంటారు. లోపలి స్విచ్ తీగను వేలితో నొక్కి చూడండి, క్రెడిట్ పడితే అంతా బాగున్నట్టే. దారిని కొత్త బిళ్లకు తగ్గట్టు సన్నం చేయించుకోవచ్చు. నేను చేయించలేదు. పాత బిళ్లలు ఇప్పటికీ చెల్లుతాయి కాబట్టి కిరాణా కొట్టు అన్నకు చెప్పి పెడితే చిల్లరలోంచి ఏరి ఇస్తాడు. ఒక స్టీలు గ్లాసులో ముప్పై బిళ్లలు పోసి డబ్బా మీద పెట్టాను. ఆడాలనుకున్నవాళ్లు అందులోంచి తీసి వేస్తారు, రాత్రి తాళం తీసి మళ్లీ గ్లాసులో పోస్తాను.